నల్ల కొలను దగ్గర పసుపు బేసిన్లు

కత్సుజి కప్పల దొంగ కాదు. పోయిన జూన్ నెలలో హినకుబోలో ఏ గుమ్మం ముందు నిలబడ్డా ఆ మాటే వినబడింది కనుక, అసలు సంగతి కూడా అన్ని గుమ్మాల ముందూ వినబడాలి. నలభై ఇళ్ళ ఊళ్ళో ఒక మాట పై వీధి నుంచి కింది వీధికి దిగేలోపల ఎంత బలుస్తుందో ఇక్కడ పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మొదట “కత్సుజి రోజుకో బేసిను కొండమీదికి మోసుకుపోతున్నాడు” అన్నారు. స్నానశాల దాటేసరికి అది “ఆ బేసిన్లలో ఏదో పట్టుకొస్తున్నాడు” అయింది. సోయా తోఫు అమ్మే బండి దగ్గరికి చేరేసరికి, నల్ల కొలను చెట్ల మీదుండే పచ్చకప్పల్ని పట్టి, తెల్ల వ్యానులో వచ్చే పట్నం మనిషికి అమ్ముతున్నాడని తేలింది. ఆ తెల్ల వ్యాను తోఫు బండే. ఆ మాట అన్నవాళ్ళు ఆ క్షణాన దాని పక్కనే గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు.

నవ్వుకుని ఊరుకోదగ్గ సంగతి కాదు అది. ఆ కప్పల్ని ముట్టుకోకూడదని కొలను దగ్గర ప్రభుత్వం వాళ్ళ బోర్డు ఉంది. వాటిని చూడడానికే జూన్‌లో జనం బస్సులెక్కి వస్తారు. వాటిని కాపాడమని ఊరు ఎవరి చేతికి కొలనుల బాట పనిముట్ల గది తాళంచెవి ఇచ్చిందో అతని మీదే ఆ నింద పడింది.

మొదటి మాట అన్నది మినెకో. ఆమె అన్నంతవరకూ అందులో అబద్ధం లేదు. బస్సు ఆగే చోట, కొలనుల బాట మొదలయ్యే దగ్గర, ఆమె ఆకుకూర కూరిన ఓయాకి రొట్టెలు కాల్చి అమ్ముతుంది. డెబ్బై ఆరేళ్ళు. పైకి వెళ్ళేవాళ్ళూ కిందికి వచ్చేవాళ్ళూ అందరూ ఆమె పెనం ముందు నుంచే పోవాలి. ఏ ఊరినుంచి వచ్చారు, పక్కనున్నావిడ భార్యేనా, ఆ బూట్లు ఎంతకి కొన్నారు, ఇవన్నీ తెలిస్తే తప్ప ఆమె చేతిలోంచి రొట్టె జారదు. అలాంటి మనిషి కళ్ళముందు ఒక మగాడు వరసగా ఆరు రోజులు వీపున స్నానాల బేసిను కట్టుకుని పైకి పోయి ఖాళీ వీపుతో దిగివస్తుంటే ఎలా ఊరుకుంటుంది? స్నానశాల చూసుకునే తోయొ రొట్టెల కోసం వచ్చినప్పుడు కదిపింది.

“మీ పాత పసుపు బేసిన్లు ఏమయ్యాయే?”

“కొత్తవి వచ్చాయిగా అక్కా. పాతవి కత్సుజి అడిగితే ఇచ్చేశాను. చిల్లుల్లేనివి చూసి చూసి ఏరుకున్నాడు.”

“ఎందుకట?”

“అడగలేదు.”

“అడగలేదా? మరి ఆ నోరు రొట్టెలు తినడానికేనా?”

“నువ్వే అడగరాదూ? రోజూ నీ ముందునుంచేగా పోతాడు.”

మినెకో అడగలేదు. కత్సుజిని ఏదైనా అడగడం దండగని ఆమెకు అరవై ఏళ్ళ అనుభవం. ఇద్దరిదీ ఒకే బడి, అతను ఆమెకంటే మూడు తరగతులు కింద. బొగ్గుబట్టీవాడి కొడుకు. బడికి వచ్చేసరికే చెవుల వెనక మసి ఉండేది. పంతులుగారు లేపి ప్రశ్న అడిగితే జవాబు తెలిసినా నిలబడి, కిటికీలోంచి పైనున్న కొండని చూసి, మళ్ళీ కూర్చునేవాడు. పెద్దయ్యాక ముప్పై ఒక్క చలికాలాలు, మంచు మీద జారడానికి వచ్చే పట్నంవాళ్ళని తీగకుర్చీల్లో ఎక్కించి పైకి పంపే పని చేశాడు. ఆ ముప్పై ఒక్కేళ్ళలో అతని నోట్లోంచి వచ్చినవి రెండే మాటలని ఊళ్ళో వేళాకోళం. “కూర్చోండి” ఒకటి, “కాళ్ళెత్తండి” రెండోది. కివాని పెళ్ళి చేసుకున్నాక ఆవిడే ఇద్దరి వంతూ మాట్లాడేది. ఆవిడ పోయాక ఆ ఇంట్లో రేడియో మాట్లాడుతుంది.

తీగకుర్చీలు మూతపడ్డాక వాడ సంఘం అతనికి కొలనుల బాట అప్పజెప్పింది. ఇది పద్నాలుగో ఏడు. బాటంటే పెద్ద కష్టమైనదేం కాదు. బస్సు దగ్గర మొదలై, నాలుగు కొలనుల్ని చుట్టి, మళ్ళీ బస్సు దగ్గరికే వస్తుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా రెండు గంటల్లో తిరిగి రావచ్చు. బురద నేల మీద చెక్కలు పరిచిన దారి. అందులో ఏ చెక్క వానకి ఉబ్బుతుందో, ఏది కాలు పడితే కిర్రుమంటుందో అతనికి తెలుసు. కొత్త చెక్క వేసినప్పుడల్లా దాని అడుగున పెన్సిల్‌తో తేదీ రాస్తాడు. నేలకి ఆనుకునే వైపు రాస్తాడు కనుక చదవడానికి పురుగులు తప్ప ఎవరూ ఉండరు. మధ్యాహ్నం బాతుల కొలను ఒడ్డున కూర్చుని ఉప్పు రేగిపండు పెట్టిన రెండు అన్నం ముద్దలు తింటాడు. వీపున కట్టెలు మోసే చట్రం ఒకటుంది. దాని మీద చెక్కలు మోస్తాడు. కాలు బెణికిన మనుషుల్ని కూడా దాని మీదే దింపుతాడు. ఒకసారి అలా దించిన పట్నం ఆవిడ సిగ్గుపడుతూ “చాలా బరువుగా ఉన్నానేమో” అంటే, “తడిసిన చెక్క కంటే నయం” అన్నాడట. ఆవిడ దాన్ని పొగడ్తగానే తీసుకుని ఏటేటా కొత్త సంవత్సరం కార్డు పంపుతుంది.

బాట మొదట్లో గంటలు వేలాడే కొయ్య కూడా అతనిదే. ఎలుగుబంట్లకి మనిషి వస్తున్నాడని తెలియడానికి నడుముకి గంట కట్టుకుని నడవాలి. తెచ్చుకోనివాళ్ళకి అక్కణ్ణుంచి ఇచ్చి, తిరిగి వచ్చాక తీసుకుంటాడు. 

“ఇక్కడ నిజంగా ఎలుగుబంట్లు ఉన్నాయా తాతా?” అని పిల్లలు అడుగుతారు.

“ఉన్నాయి.”

“మీదికి వస్తాయా?”

“వాటికి సిగ్గెక్కువ.”

ఇలాంటి మనిషి మీద పుట్టింది ఆ మాట.

జూన్ ఆఖరి గురువారం వాడ సంఘం పెద్ద హోరిగోమె మినెకో దుకాణానికి వచ్చాడు. పూర్వం బస్సు కంపెనీలో టిక్కెట్ల లెక్క చూసిన మనిషి. ఏ సంగతైనా కాగితం మీదికి ఎక్కితే తప్ప జరిగినట్టు ఒప్పుకోడు. రొట్టె తీసుకుని, తినకుండా పక్కన పెట్టి, జేబులోంచి మడత కాగితం తీశాడు.

“మినెకో-సాన్, ఆదివారం సమావేశంలో కత్సుజి దగ్గర తాళంచెవి తీసేసుకోవాలని అనుకుంటున్నాం. మీరు చూసింది చెప్పాలి.”

“నేనేం చూశాను?”

“బేసిన్లు. మొదట చూసింది మీరేనని అందరూ అంటున్నారు. ఎన్ని?”

“తొమ్మిది” అంది మినెకో. అంకె నోట్లోంచి వచ్చేశాక దాన్ని మళ్ళీ మింగుదామనిపించింది.

హోరిగోమె తొమ్మిది అని రాసుకున్నాడు.

“బేసిన్లు పైకి పోవడం చూశాను గానీ, కప్పలు కిందికి రావడం చూళ్ళేదు మరి” అంది.

“పైకి పోయిన బేసిను ఊరికే పోతుందా? పైన ఎవరైనా స్నానం చేస్తారా?”

“ఎలుగుబంట్లు చేస్తాయేమో.”

హోరిగోమె నవ్వలేదు. “పై ఆఫీసుకి తెలిస్తే బాటే మూసేస్తారు. అప్పుడు మీ రొట్టెలు ఎవరు తింటారు?” అని, తన రొట్టె తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు మినెకో రెండు పెనాల రొట్టెలు మాడబెట్టింది. పద్నాలుగేళ్ళుగా కత్సుజి రోజూ పొద్దున ఆమె ముందునుంచి వెళుతూ తల కొద్దిగా వంచుతాడు. ఆమె కూడా వంచుతుంది. అంతకుమించి ఏమీ లేదు. కానీ చెట్టు దిమ్మలా అలా రోజూ కనబడే మనిషి చేతిలోంచి తాళంచెవి తీసేస్తే, మర్నాడు పొద్దున అతను ఎక్కడికి వెళతాడు? ఆ ప్రశ్న ఆమెని వదల్లేదు. ఊరందర్నీ అన్నీ అడిగే మనిషికి, తాను అడక్కుండా వదిలేసినది ఒక్కటే ఉందని తెలిసిపోయింది. నిజం చూడకుండా సాక్ష్యం చెప్పనని నిర్ణయించుకుంది.

శనివారం పెద్దవయసువాళ్ళకి పట్నంలో ఆరోగ్య పరీక్షలు. కత్సుజి పొద్దుటి బస్సెక్కాడు. బస్సు మలుపు తిరగడమే తడవు, మినెకో పొయ్యి ఆర్పి, తోయొ కోడల్ని దుకాణంలో కూర్చోబెట్టి, కొయ్య మీద గంట ఒకటి నడుముకి కట్టుకుంది.

నల్ల కొలను బాటలో మూడోది. మామూలుగా పోతే ముందున్న రెండు పెద్ద కొలనులూ చుట్టాక గానీ రాదు. అంచేత ఆమె ఎదురుదారిన పట్టింది. ఆ బాట మీద అందరూ ఒకవైపే తిరుగుతారు. ఎదురొస్తే తప్పని ఎక్కడా రాసిలేదు గానీ, ఎదురొచ్చిన మనిషికి ప్రతివాళ్ళూ నమస్కారం చెబుతారు, బదులు చెప్పకపోతే మర్యాద కాదు. చెక్క వెడల్పు ఇద్దరు ఒరుసుకుపోయేంతే. తొలి బస్సులో వచ్చి చకచకా చుట్టేసిన జనం అప్పుడే దిగుతున్నారు. మినెకో ప్రతివాళ్ళకీ పక్కకి జరిగి, నమస్కారం చెప్పి, “దారి తప్పారా మామ్మగారూ” అన్నవాళ్ళకి “లేదమ్మా, తొందర” అని చెప్పి, మళ్ళీ కదిలేసరికి ఊపిరి సగం మాటలకే అయిపోయింది. తనకి మాటలు ఎక్కువయ్యాయని ఆమెకి అనిపించడం అదే మొదటిసారి.

ముందుగా వచ్చేది గడ్డి కొలను. ఒడ్డంతా దూదిలాంటి తెల్ల పూలు గాలికి ఊగుతున్నాయి. తూనీగలు ఒకదాని వీపు మీద ఒకటి. అవతలి ఒడ్డున, వెదురుగడ్డిలో, మేకకీ ఎలుగుకీ మధ్యరకంలా ఉండే కమోషికా ఒకటి నిలబడి ఆమెనే చూస్తోంది. మినెకో ఆగింది. అదీ కదల్లేదు. ఎవరు ముందు చూపు తిప్పుకుంటారో తేలేదాకా చూసుకున్నారు.

“నువ్వు రోజూ చూస్తుంటావుగా, వాడేం చేస్తున్నాడు?” అని అడిగింది మినెకో. అది నమలడం మొదలుపెట్టింది. “నువ్వూ వాడి లాంటిదానివే” అనుకుని ముందుకు నడిచింది.

చిన్న ఎత్తు ఎక్కి దిగితే నల్ల కొలను. చుట్టూ చెట్లు నీళ్ళ మీదికి వంగి ఉంటాయి కనుక నీళ్ళు నల్లగా కనబడతాయి. ఆ కొమ్మల చివర్ల పిడికెడంత, రెండు పిడికిళ్ళంత తెల్లటి నురగ ముద్దలు వేలాడుతున్నాయి. అవే పచ్చకప్పలు పెట్టే గుడ్లు. ఆ నురగలో పిల్లలు తయారై, వానకి నురగ కరిగినప్పుడు ఒక్కొక్కటే కింద నీళ్ళలోకి జారిపడతాయి. హినకుబో పిల్లలందరూ ఏదో ఒక జూన్‌లో ఆ కొమ్మల కింద మెడ నొప్పెట్టేదాకా నిలబడినవాళ్ళే.

మినెకో నిలబడి చూసింది. కొమ్మలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నురగ ముద్దలూ ఉన్నాయి. వాటి కింద నీళ్ళు లేవు. కొలను రెండు బారల దూరం వెనక్కి వెళ్ళిపోయి ఉంది. ముద్దల కింద ఎండి బీటలు వారుతున్న బురద, దాని మీద రాలిన ఆకులు. ఆ బురదలో, ఒక్కో ముద్దకి సరిగ్గా కింద ఒక్కో పసుపు బేసిను. ఎండ తగలకుండా సగం మీద వెదురాకులు కప్పి ఉన్నాయి.

ఆమె చెక్కల మీద మోకాళ్ళూని అన్నిటికన్నా దగ్గరున్న బేసినులోకి తొంగి చూసింది. నల్లటి తోకకప్పలు, గోరంతవి, వందకి పైనే. ఆమె చూస్తుండగానే పైనుంచి ఇంకొకటి జారి టప్పున పడి, కాసేపు కదలకుండా ఉండి, తోక ఆడించింది. కొలను అంచున, లోతులేని నీళ్ళలో, నీటిబల్లుల్లాంటి ఎర్ర పొట్టల ఇమోరిలు నాలుగైదు పైకి చూస్తూ కాచుకుని ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఈ రోజుల్లో నోట్లోకి రాలే భోజనం ఈసారి ఎందుకు రాలేదో వాటికీ బోధపడినట్టు లేదు.

నీళ్ళెందుకు తగ్గాయి? చెక్కబాట పట్టుకుని ఇంకో పది అడుగులు వేస్తే కొలను అలుగు కనబడింది. ఎక్కువైన నీళ్ళు పొర్లి వాగులోకి పోయే చోటు. అక్కడ నేల కోసుకుపోయి మోకాలి లోతు గండిపడి ఉంది. గండిలో జిగటమన్ను, గడ్డి కలిపి తొక్కిన పూడికలు ఒకటి కాదు, మూడు. మూడింటినీ వానలు తోసేశాయి. ఒక్క మనిషి చేతులతో చేసిన పని అది. వేళ్ళ గుర్తులు కూడా ఇంకా ఉన్నాయి.

అక్కడ మినెకోకి అసలు సంగతి గుర్తుకొచ్చింది. కిందటేడు వసంతంలో ఆమె కింది పట్నం నుంచి వచ్చిన చెల్లెల్ని ఈ కొలనుకే తీసుకొచ్చింది. మంచు కరిగిన నీళ్ళు చెక్కల మీదికి పొర్లి చెల్లెలి కొత్త బూట్లు తడిసి ముద్దయ్యాయి. శరత్కాలం సమావేశంలో మినెకో లేచి, రొట్టెలు తినేవాళ్ళ తరఫున అన్నట్టు, పావుగంట మాట్లాడింది. అలుగు ఒక జాన లోతు చెయ్యాలని తీర్మానం రాశారు. కత్సుజి మర్నాడే పార పట్టుకుని వెళ్ళాడు. అడుగునున్న జిగటమన్ను పొర తెగిందని అతనికి కూడా ఈ ఏడు మంచు కరిగి, నీళ్ళు ఉరికాక గానీ తెలిసి ఉండదు. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు కప్పలు తమ కొమ్మల మీద గుడ్లు పెట్టేశాయి. తర్వాత నీళ్ళు దిగిపోయాయి. కప్పలకి సమావేశాల సంగతి తెలియదు.

అతను ఈ రోజు లేడు. పొద్దుటినుంచీ ఎండ కాస్తోంది. చివరి బేసినులో నీళ్ళు వేలెడు కూడా లేవు, పిల్లలు ఒక మూలకి చేరి ఒకదాని మీద ఒకటి కొట్టుకుంటున్నాయి. చెక్కబాట దిగి నేల మీద అడుగు పెట్టే హక్కు తాళంచెవి ఉన్నవాళ్ళకి తప్ప ఎవరికీ లేదని మినెకోకి తెలుసు. ఆమె బూట్లు విప్పింది, మేజోళ్ళు విప్పింది, ముందు చెక్క మీద కూర్చుని, తర్వాత బురదలోకి దిగింది. తల గుడ్డ విప్పి కొలనులో ముంచి, ఒక్కో బేసినులోకి పిండుతూ తొమ్మిదీ తిరిగింది. అయిదో బేసిను దగ్గర ఉండగా చెక్కల మీదికి ఒక జంట వచ్చింది.

“మామ్మగారూ, అక్కడికి దిగకూడదు, బోర్డు చూడలేదా?” అంది ఆ అమ్మాయి.

“చూశానమ్మా.”

“ఆ బేసిన్లలో ఏం పడుతున్నారు?” అన్నాడు అబ్బాయి, ఫోను పైకెత్తి ఫోటో తీస్తూ.

మినెకో నడుం పట్టుకుని లేచి నిలబడింది. మోకాళ్ళదాకా బురద, చేతిలో కారుతున్న తల గుడ్డ. చెప్పడానికి ఎన్నో మాటలున్నాయి. “మీ ఊరేది నాయనా?” అని మాత్రం అడిగింది. తర్వాత వాళ్ళని అక్కడే నిలబెట్టి, అంతా చెప్పి, చివరికి ఆ అబ్బాయి చేత అతని నీళ్ళ సీసా కూడా ఒక బేసినులో పోయించింది.

ఆదివారం సాయంత్రం సమావేశ మందిరంలో పాతికమంది చాపల మీద కూర్చున్నారు. టీ పోసింది తోయొ. హోరిగోమె కాగితం చదివాడు. బేసిన్లు తొమ్మిది, చూసినవారు మినెకో-సాన్, శనివారం నల్ల కొలను దగ్గర ఒక వృద్ధురాలు కూడా బేసిన్లతో పట్టుబడినట్టు బస్సు డ్రైవరుకి ప్రయాణికులు చెప్పారు, దీన్నిబట్టి కత్సుజికి సహాయకులు కూడా ఉన్నట్టు తెలుస్తోంది.

“ఆ సహాయకురాలు కాళ్ళు కడుక్కునే వచ్చిందిలెండి” అంది వెనకనుంచి మినెకో. ఎవరికీ అర్థం కాలేదు.

కత్సుజి తలుపు దగ్గర కూర్చున్నాడు. చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. పనిముట్ల గది తాళంచెవి జేబులోంచి తీసి, ముందుకి జరిగి, హోరిగోమె ముందు పెట్టాడు.

“ఇచ్చేస్తాను. పది రోజులు ఆగి తీసుకోండి” అన్నాడు.

గదిలో గుసగుసలు లేచాయి. పది రోజులు ఎందుకట, ఇంకా ఎన్ని పట్టాలట.

“పది రోజులు దేనికి కత్సుజి-సాన్?” అన్నాడు హోరిగోమె.

కత్సుజి నోరు తెరిచాడు. ఈసారి నిజంగానే చెప్పబోయాడో లేదో ఎవరికీ తెలియదు. ఎందుకంటే అప్పటికే మినెకో లేచి నిలబడింది.

“వాడు చెప్పేసరికి తెల్లారుతుంది, నేను చెబుతాను. కప్పలు కాదు, పిల్లలు. అమ్మడానికి కాదు, అవి ఎండి చావకుండా. నల్ల కొలను రెండు బారలు తగ్గిపోయింది. అక్కడికి వెళ్ళి చూసినవాళ్ళు ఈ గదిలో ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి.”

ఎవరూ ఎత్తలేదు. రోజూ బస్సుల్లో వచ్చే జనాన్ని పైకి పంపే ఊరు, నెల రోజులుగా తనవాళ్ళు మాత్రం ఒక్కరు కూడా వెళ్ళి చూడలేదు.

“కొలను ఎందుకు తగ్గింది?” అని హోరిగోమె అడిగాడు.

“మీ కాగితాలు తియ్యండి. పోయిన శరత్కాలంవి. అలుగు జాన లోతు చెయ్యాలని అడిగిందెవరో చదవండి.”

హోరిగోమె దస్తా తిరగేశాడు. వేలు ఒక చోట ఆగింది. పైకి చదవలేదు.

“చదవండి ఫరవాలేదు. నేనే. మా చెల్లెలి బూట్ల కోసం. బేసిన్ల మాట మొదట మోసిందీ నేనే. తాళంచెవి ఎవరి దగ్గరైనా తీసుకోవాలంటే నా దుకాణంది తీసుకోండి.” అని కూర్చుంది.

హోరిగోమె తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. తాళంచెవిని వేలితో కత్సుజి వైపు తోశాడు.

“గండి పూడ్చడానికి ఎన్ని బస్తాల ఇసుక కావాలి?” అన్నాడు.

“ముప్పై” అన్నాడు కత్సుజి. ఎప్పుడో లెక్కేసుకున్నట్టుంది.

సోమవారం పొద్దున పద్దెనిమిది మంది వచ్చారు. ఒక్కో బస్తాని ఇద్దరేసి మోసుకుంటూ, గంటలు మోగించుకుంటూ, చెక్కల మీద వరసగా పోతుంటే బాతులు లేచిపోయి రెండో కొలనులో వాలాయి. హోరిగోమె ప్రతి బస్తాకీ ఒక గీత గీసుకున్నాడు. తోయొ చెక్కబాట దిగే ముందు కత్సుజి మొహం చూసింది. అతను తలూపితే దిగింది. మధ్యాహ్నానికి నీళ్ళు గండి దగ్గర ఆగి, ఒడ్డువైపు ఒక్కో ఆకునీ తేలుస్తూ మెల్లగా పైకి రావడం మొదలుపెట్టాయి. బేసిన్లున్న చోటికి చేరడానికి ఇంకా వారం పడుతుందన్నాడు కత్సుజి. అందాకా రోజూ నీళ్ళు పోయాల్సిందే.

మిగతావాళ్ళు దిగిపోయాక మినెకో అక్కడే ఉండిపోయింది. తాను తెచ్చిన రొట్టెల్లో ఒకటి అతని చేతిలో పెట్టి, పక్కన చెక్క మీద కూర్చుంది. పైన కొమ్మ మీదినుంచి పచ్చకప్ప ఒకటి గొంతు ఉబ్బిస్తూ కూసి ఊరుకుంది. చివరికి మినెకో అడిగింది. అరవై ఏళ్ళలో అతన్ని ఆమె సూటిగా అడగడం అదే మొదటిసారి.

“ఊరంతా నిన్ను దొంగంటుంటే ఒక్కమాటైనా చెప్పలేదేం? నా పేరు బయటికి వస్తుందనా? గండి పడేలా తవ్వానని సిగ్గా?”

కత్సుజి రొట్టె ముక్క నమిలి, మింగి, వేళ్ళకంటిన పిండి దులుపుకున్నాడు.

“చెబుదామనే వచ్చానక్కా, ఆరో బేసిను రోజు సాయంత్రం. నీ దుకాణం వెనక దాకా వచ్చాను. నువ్వు లోపల తోయొకి నా సంగతే చెబుతున్నావు. బేసిను కట్టుకుని నేనెలా నడుస్తానో నడిచి కూడా చూపిస్తున్నావు. తోయొ పడి పడి నవ్వుతోంది. చాలా బాగా చెబుతున్నావు, మధ్యలో వచ్చి పాడుచెయ్యబుద్ధి కాలేదు. చివరిదాకా విని వెళ్ళిపోయాను.”